మెత్తని అమరికయా, బిగువైన అమరికయా?

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమునాడు బహుమతులు పంచుటకై బెంగుళూరు నుండి ఒక పెద్దమనిషి వచ్చియుండిరి. వారు వచ్చిన వాహనము పోర్షె 911 అను జర్మనీ దేశపు స్పోర్ట్సు కారు. సభ ముగియువరకు పిల్లల చూపులు వేదికపై కంటె ఆ కారుపైననే ఎక్కువగా నుండెనని చెప్పుటకు మేము సిగ్గుపడుట లేదు. మా చూపులును అప్పుడప్పుడు అటే పోయినవి. వారి వెంట మా పూర్వవిద్యార్థి యొకడు వచ్చెను. అతడు ఇరువది సంవత్సరముల క్రిందట మా యొద్ద పదవ తరగతి ముగించి, వర్క్‌షాపులో చేరి, పని నేర్చి, నేడు అట్టి కార్లను బాగుచేయు మెకానిక్కుగా నున్నాడు.

సభానంతరము అతిథిగారు మమ్ము తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొని హోసూరు రోడ్డు వైపు కొంతదూరము త్రిప్పి తెచ్చెదమనిరి. మా పూర్వవిద్యార్థి వెనుకనున్న చిన్న ఆసనములో మోకాళ్లు ముడుచుకొని కూర్చుండెను. బయలుదేరునప్పుడు అతిథిగారు ఒక బొత్తామును నొక్కి, "స్పోర్ట్సు కారును స్పోర్టులోనే నడపాలి కదా, మాస్టారూ!" అని నవ్విరి. చెరువుకట్ట దాటిన తరువాత కుడివైపునకు తిరుగు మలుపు మీ యందఱకును తెలిసినదే. నీటిగొట్టముల కొఱకు త్రవ్వి పూడ్చిన చోట తారు అలలు అలలుగా లేచియున్నది. ముందురాత్రి వానకు రోడ్డు తడిసియుండెను. మా వేగము గంటకు 60 కిలోమీటర్లకు మించలేదు. మలుపు నడుమ కారు దడదడలాడి, దాని వెనుకభాగము మూరెడు ప్రక్కకు గెంతెను. ఎదుట పాలక్యానులు కట్టుకొని మోటారుసైకిలుపై ఒకడు వచ్చుచుండెను. అతిథిగారు నేర్పరులు గనుక తటాలున స్టీరింగును సరిదిద్దుకొనిరి. అతడును మేమును క్షేమముగా దాటితిమి. కాని తరువాత కొంతసేపు కారులో నెవరును మాటలాడలేదు.

తిరిగి వచ్చునప్పుడు మా విద్యార్థి వెనుకనుండి మెల్లగా, "సార్, ఆ బొత్తాము తీసేయండి. ఎదురుగా ఎవరూ లేకుంటే అదే వేగంతో ఆ మలుపు దాటి చూడండి" అనెను. దారి నిర్మానుష్యముగా నుండెను. అతిథిగారు అట్లే చేసిరి. ఈసారి కారు అలలపై లేచి దిగినట్లు తోచినదే గాని, ప్రక్కకు అంగుళమైనను జరుగలేదు.

సోమవారమునాడు మేము తొమ్మిదవ తరగతిలో ఈ సంగతి చెప్పకుండ, "కారులో కంఫర్టు అనియు స్పోర్టు అనియు రెండు అమరికలున్నవి. దేనిలో చక్రము రోడ్డును గట్టిగా పట్టుకొనును?" అని అడిగితిమి. చేతులన్నియు స్పోర్టు పక్షముననే లేచినవి. ఆ సాయంకాలమే లారీ నడుపు ఒక తండ్రి కొడుకును పిలుచుకొనిపోవ వచ్చి, "గట్టి కమాన్లున్న బండే కదా సార్, రోడ్డును గట్టిగా పట్టేది?" అని అడిగెను. పిల్లలకును పెద్దలకును ఉన్న ఈ అభిప్రాయము సగము నిజము. మిగిలిన సగము తెలియకపోవుటచేతనే ఆనాడు ఆ పాలవాని ప్రాణము మీదికి వచ్చినది. కావున ఈ విషయమును మాకు తెలిసినంతవరకు విడమర్చి చెప్పుట మంచిదని తలచితిమి.

స్ప్రింగు పని వేఱు, షాకు పని వేఱు

ఎడ్లబండికి స్ప్రింగు లేదు. ఇరుసు ఎంత లేచిన బండి అంత లేచును. కూర్చున్నవాడును అంతే లేచును. ఎద్దు నడకకు అది సరిపోవును. వేగము పెరిగినప్పుడు చక్రమునకును బండికిని నడుమ ఒక సాగుడు గల వస్తువు కావలసివచ్చినది. అదియే స్ప్రింగు. లారీకి ఉక్కుపట్టీల కమాను, కారుకు సాధారణముగా చుట్టల స్ప్రింగు. స్ప్రింగును ఎంత అణచిన అంత బలముతో అది ఎదురు త్రోయును. ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమమిదియే. మీ పిల్లల పాఠ్యపుస్తకములలో నేటికిని ఉన్నది.

అయితే స్ప్రింగునకు ఒక దోషము కలదు. అది పుచ్చుకొన్న శక్తిని తనలో నిలువజేసికొని మరల తిరిగి యిచ్చును. గుంతలో అణగిన బండి పైకి లేచును, లేచినది మరల అణగును. ఆ యూపు దానంతట అది త్వరగా ఆగదు. ఆ యూపును మ్రింగివేయుటకే షాక్ అబ్జార్బరు ఉన్నది. మన మెకానిక్కులు దానిని క్లుప్తముగా "షాకు" అందురు. అది నూనె నిండిన గొట్టము. అందులో చిన్న రంధ్రములు గల ముషలకమొకటి పైకిని క్రిందికిని కదలుచుండును. నూనె ఆ రంధ్రముల గుండ ఇరుకుకొని పోవలసి వచ్చుటచేత కదలిక తగ్గి, దాని శక్తి వేడిగా మారి గాలిలో కలియును. దీర్ఘప్రయాణము చేసిన బండి షాకును చేతితో తాకి చూచినచో ఆ వెచ్చదనము తెలియును.

ఇంటివద్ద దీనిని పరీక్షింపవచ్చును. సూది తీసివేసిన ఇంజక్షను సిరంజిలో నీరు నింపి మెల్లగా నొక్కుడు, సులభముగా పోవును. అదే సిరంజిని ఒక్కసారిగా నొక్కుడు. బొటనవ్రేలికి గట్టిగా ఎదురు తగులును. కదలిక లేనప్పుడు ఎదురే లేదు. స్ప్రింగు "ఎంత దూరము అణచితివి?" అని చూచును, షాకు "ఎంత వేగముగా అణచితివి?" అని చూచును. ఈ యొక్క భేదము గుర్తున్నచో మిగిలినదంతయు తేలికగా అర్థమగును.

బొత్తాము దేనిని మార్చును?

మా అతిథి కారు 911లో 997 అను తరమునకు చెందినది. ఆ తరము 2004లో వెలువడినది. అందు 3.8 లీటర్ల ఇంజను గల కరెరా ఎస్ అను రకమునకు 'పోర్షె యాక్టివ్ సస్పెన్షన్ మేనేజ్‌మెంట్' అను ఏర్పాటును కర్మాగారమువారే అమర్చి యిచ్చిరి. దానికి రెండు అమరికలు: ఒకటి నార్మల్, రెండవది స్పోర్ట్. ఇతర కంపెనీలవారు కంఫర్టు అనునది ఇందు నార్మలు. బొత్తామును నొక్కినప్పుడు మాఱునది స్ప్రింగు కాదు. షాకులో నూనె పోవు దారి మాత్రమే. దారి ఇరుకైనచో షాకు బిగువగును, విశాలమైనచో మెత్తనగును. ఉక్కు స్ప్రింగు ఉన్నది ఉన్నట్లే ఉండును.

దీనినుండి ఒక సంగతి తేలుచున్నది. పొడవైన మలుపులో కారు ఒక ప్రక్కకు ఒరిగి అట్లే నిలిచియున్నప్పుడు షాకులో కదలిక లేదు. కదలిక లేనిచో ఎదురు లేదు. కావున ఆ ఒరుగును ఆపునవి స్ప్రింగులును, రెండు చక్రములను కలుపుచు అడ్డముగా నుండు కడ్డీయు మాత్రమే. స్పోర్టు బొత్తాము నొక్కినంత మాత్రమున కారు తక్కువ ఒరుగునని అనుకొనుట పొరపాటు. ఒరుగుట కొంచెము ఆలస్యముగా, నిదానముగా జరుగును, అంతే. ఎడమకు త్రిప్పి వెంటనే కుడికి త్రిప్పునప్పుడు ఈ నిదానము మిక్కిలి ఉపయోగకరము. స్టీరింగు త్రిప్పిన మఱుక్షణమే కారు చెప్పినట్లు వినుచున్నదను భావము కలుగుటకు ఇదియే కారణము.

ఊపుల లెక్క

కొంచెము లెక్క చెప్పుటకు అనుమతింపుడు. సాధారణపు కారును ఒకసారి అణచి విడిచినచో దాని ఊపు సెకనునకు ఇంచుమించు 1 నుండి 1.5 మార్లు జరుగునట్లు స్ప్రింగులను ఎన్నుకొందురు. స్పోర్ట్సు కార్లలో అది 2 దాక పోవును. గాలి ఒత్తిడితో నేలకు అదుముకొని పోవు పందెపు కార్లలో ఇంకను ఎక్కువ. మనుష్యుని దేహము నిలువు కుదుపులలో సెకనునకు 4 నుండి 8 మార్లు వచ్చువానికి ఎక్కువగా బాధపడును. బిగువైన కారులో కొంతదూరము పోయిన వెనుక కడుపు కదలినట్లు, చూపు చెదరినట్లు ఉండుటకు కారణమిదే. చక్రమును ఇరుసును మాత్రము తీసికొన్నచో, వాని స్వంత ఊపు సెకనునకు 10 నుండి 15 మార్లు.

షాకు బిగువునకును ఒక కొలత కలదు. అణచి విడిచిన బండి ఒక్కమారైనను అటునిటు ఊగక తిన్నగా తన స్థానమునకు వచ్చి నిలుచుటకు కావలసిన కనీసపు బిగువును 100 అనుకొందము. సుఖప్రయాణమునకై చేసిన కార్లలో అది సుమారు 20 నుండి 40 వరకు నుండును. వేగమునకై చేసినవానిలో 50 నుండి 70 వరకు పోవుటయు కలదు. బిగువు పెరిగినకొలది బండి పైభాగపు ఊపు త్వరగా ఆగును. కాని రోడ్డుపై నున్న ప్రతి చిన్న గులకరాయి వార్తయు మన వెన్నెముకకు చేరును.

ఈ శాస్త్రమునకు ఆదిలో శ్రమించినవారిలో మారిస్ ఆలీ ఒకరు. ఆయన 1930వ దశకపు ఆరంభమున అమెరికాలోని కాడిలాక్ సంస్థలో ఒక కారునకు ముందు వెనుకల బరువులు కట్టి, వానిని ఇటునటు మార్చుచు, ఏ అమరికలో ప్రయాణము సమముగా నుండునో పరిశోధించెను. ముందు స్ప్రింగులు వెనుకవానికంటె మెత్తగా నుండవలెనని తేల్చెను. ఏలయనగా గతుకు మొదట ముందు చక్రమునకు తగిలి, పిదప వెనుకచక్రమునకు తగులును. వెనుకది కొంచెము త్వరగా ఊగినచో ముందుదానిని అందుకొని, రెండును కలిసి లేచి కలిసి దిగును. ముక్కు ఎగసి తోక దిగు తూగుటుయ్యాల యూపు తప్పును. మెత్తదనము, బిగువు అనునవి ఒకటి మంచిది ఒకటి చెడ్డది కాదనియు, ఎక్కడ ఎంత యన్నదే ప్రశ్న యనియు దీనివలన తెలియుచున్నది.

బిగువైనది ఏల జాఱెను?

ఇక చెరువు మలుపునకు వత్తము. కారునకును రోడ్డునకును గల సంబంధమంతయు నాలుగు చోట్ల, టైరు నేలను తాకు అరచేయంత జాగాలో ఉన్నది. ఆ కారు బరువు సుమారు 1,400 కిలోలు. ఇంజను వెనుకనుండుటచేత బరువులో సగముకంటె ఎక్కువ పాలు వెనుక చక్రములపై పడును. ఒక్కొక్కదానిపై 400 కిలోలకు పైగా నుండును. రోడ్డు నున్నగా నున్నంతసేపు ఆ 400 కిలోలును నిలుకడగా నుండును. అలలుగా లేచిన తారుపై అది ఒక క్షణము 600, మఱుక్షణము 200 కావచ్చును. సగటు అదే గదా యని మీరనవచ్చును. ఇక్కడనే కిటుకున్నది. టైరుపై బరువు రెట్టింపైనచో దాని పట్టు రెట్టింపు కాదు. అంతకంటె తక్కువే పెరుగును. కావున బరువు తగ్గినప్పుడు పోయిన పట్టు, బరువు పెరిగినప్పుడు పూర్తిగా తిరిగిరాదు. బరువు ఎంత చలించిన అంత నష్టము. తడిరోడ్డుపై అసలు పట్టే తక్కువ గనుక ఆ నష్టము భరించుటకు మిగులు లేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా సెకనునకు ఇంచుమించు 16.7 మీటర్లు. తారు అలలు 1.4 మీటర్ల దూరమున కొకటిగా నున్నచో సెకనునకు 12 అలలు చక్రమునకు తగులును. అనగా చక్రము ఒక మిట్ట దిగి, పల్లమును తాకి, మరల మిట్ట ఎక్కుటకు సెకనులో పండ్రెండవ వంతు మాత్రమే వ్యవధి. షాకు మిక్కిలి బిగువుగా నున్నచో చక్రము పల్లములోనికి దిగుటకు వ్యవధి చాలదు. అది సగము దిగునప్పటికే తరువాతి మిట్ట వచ్చి దానిని పైకి కొట్టును. అట్టి స్థితిలో చక్రము రోడ్డుపై దొర్లుట లేదు. మిట్టల కొనలపై గెంతుచున్నది. గెంతునప్పుడు దానికి ప్రక్కకు జాఱకుండ నిలుచు శక్తి లేదు. ముందు చక్రము దాటిన గతుకును, 2.35 మీటర్ల వెనుకనున్న చక్రము సెకనులో ఏడవ వంతు గడువకముందే అందుకొనును. నడుపువానికి ఆలోచించుటకు తెరిపి ఎక్కడిది?

తిరుగు ప్రయాణములో షాకు దారి విశాలమైనది. చక్రము పల్లమునకు తగినంత దిగినది, మిట్టకు తగినంత లేచినది. కారు మాత్రము నెమ్మదిగా నుండెను. మా దేహమునకు సుఖముగా తోచినదేదో, టైరునకును అదియే సుఖముగా నుండెను.

ఇది మా స్వంత కల్పన కాదని చెప్పుటకు ఆ కారు నిర్మాతల ఏర్పాటే సాక్ష్యము. నార్మలులో నున్నప్పుడు ఎవరైన ఉధృతముగా నడిపినచో ఆ యంత్రమే షాకులను బిగించును. స్పోర్టులో నున్నప్పుడు రోడ్డు గతుకులుగా నున్నచో, ఆ స్పోర్టు పరిధిలోనే కొంత మెత్తబడి టైరును నేలకు తాకియుండునట్లు చేయజూచును. నిర్మాతలు స్పోర్టులో సైతము మెత్తదనమును విడువలేదు. అయితే ఆ మెత్తబడుటకు ఒక హద్దు కలదు. మా చెరువు మలుపు ఆ హద్దునకు ఆవల నున్నదనుకొందుము.

ఇతరులును ఇట్లే చేసిరి. ఫెరారీ వారు 2007లో చూపిన 430 స్కుడేరియా అను వేగపు కారులో, ఇంజను మొదలగునవి ఉధృతమైన అమరికలో నున్నప్పుడు సైతము షాకులను మాత్రము విడిగా మెత్తబఱచుటకు వేఱొక బొత్తామును ఉంచిరి. అదే సంవత్సరము జపానులో వెలువడిన నిస్సాన్ జి.టి.ఆర్. కారులో షాకులకు ప్రత్యేకముగా మీట యుండి, అందు కంఫర్టు అను స్థానమును ఉంచిరి. 2002లో కాడిలాక్ సెవిల్ కారులో ఇనుపరేణువులు కలిపిన ద్రవమును నింపిన షాకులను పెట్టిరి. అయస్కాంతశక్తిచేత ఆ ద్రవము క్షణములో చిక్కబడును, క్షణములో పలుచనగును. వీరందఱు కోరినది ఒక్కటే: ఏ రోడ్డునకు తగిన బిగువు ఆ రోడ్డునకు.

బిగువు ఎక్కడ కావలెను?

ఇంత చెప్పినందున స్పోర్టు అమరిక వట్టి ఆడంబరమని ఎవరును తలపరాదు. మెత్తదనమునకును దాని దోషములున్నవి. నున్నని రోడ్డుపై గంటకు 100 కిలోమీటర్లకు మించి పోవునప్పుడు, పొడవైన మెట్టపల్లములు వచ్చినచో మెత్తని షాకులు గల కారు పడవవలె తేలి దిగును. తేలినప్పుడు నాలుగు చక్రములపైనను బరువు తగ్గును, అదియు ప్రమాదమే. వంతెన చివర ఒక్కసారిగా దిగినప్పుడు స్ప్రింగు పూర్తిగా అణగి కారు అడుగు తగులవచ్చును. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముక్కు వేగముగా వంగును. ఇట్టి చోట్ల బిగువు మేలు. నున్నని పందెపు బాటపై, ఒకదానివెంట ఒకటిగా ఎడమ కుడి మలుపులు వచ్చుచోట, స్పోర్టు అమరికకు సాటి లేదు. దానిని అందుకొఱకే చేసిరి.

అన్ని పందెపు బాటలును నున్నగా నుండవు. జర్మనీలో 1927లో ప్రారంభింపబడిన న్యూర్‌బుర్గ్‌రింగ్ ఉత్తరపు బాట 20 కిలోమీటర్లకు మించిన పొడవు కలది. కొండలపై ఎక్కుచు దిగుచు, కొన్నిచోట్ల కార్లు నేలను విడిచి లేచునంత మిట్టలు కలిగియున్నది. అట్టిచోట మిక్కిలి బిగించిన కారు వేగముగా నుండునని ముందుగా చెప్పుటకు వీలులేదు. నడిపి, గడియారము చూచి, పిమ్మట మాటలాడవలసినదే.

పూర్తిగా అరిగిన షాకును మెత్తని షాకుగా భ్రమింపరాదు. నూనె కారిపోయిన షాకు చక్రపు ఊపును బొత్తుగా ఆపలేదు. చక్రము తన యిచ్చ వచ్చినట్లు గెంతును. మెత్తని అమరికయనగా తగినంత అదుపు. అరిగిన షాకులో అదుపే లేదు.

ఎన్నుకొను విధము

మా పూర్వవిద్యార్థి తన అనుభవమునుండి చెప్పిన మాటలను క్రమముగా వ్రాయుచున్నాము. మొదట టైర్లలో గాలి చూడవలెను. బండి నిలిచి, టైర్లు చల్లగా నున్నప్పుడు, నిర్మాతలు బండిపై అతికించిన పట్టికలోని లెక్క ప్రకారము ఉండవలెను. గాలి తప్పినచో ఏ బొత్తామును దానిని సరిదిద్దలేదు.

రెండవది, తెలియని రోడ్డుపైనను, తడిరోడ్డుపైనను, పగిలిన తారుపైనను మెత్తని అమరికతోనే మొదలుపెట్టవలెను. కారు తేలుచున్నదనియు, స్టీరింగు త్రిప్పిన పిదప ఆలస్యముగా తిరుగుచున్నదనియు తోచినప్పుడే బిగువునకు పోవలెను.

మూడవది, పోల్చి చూడదలచినచో ఒకే దారిలో, ఒకే మితమైన వేగముతో, రెండు అమరికలను పరీక్షింపవలెను. స్టీరింగును ఎన్నిమార్లు సరిదిద్దవలసివచ్చెను? అద్దములో వెనుకబండి రూపము నిలకడగా కనబడెనా, అదరెనా? జాఱుటను ఆపు దీపము మినుకుమినుకు మనెనా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులే నిజమైన తీర్పు. కుదుపును వేగమని భ్రమించుట మనుష్య స్వభావము. కుదుపులాడు కారు అదే వేగమునను ఎక్కువ వేగముగా పోవుచున్నట్లు తోచును.

నాలుగవది, కొన్ని కార్లలో స్పోర్టు అను ఒక్క బొత్తాము ఇంజనును, గేర్లను, షాకులను కలిపి మార్చును. వానిని విడదీయు వీలున్నచో, ఇంజనును చురుకుగా నుంచి షాకులను మాత్రము మెత్తగా నుంచుకొనవచ్చును. మన రోడ్లపై ఇది తఱచు మేలైన కలయిక.

ఐదవది, దూరప్రయాణమున నడుపువాని అలసట సైతము లెక్కలోనిదే. నాలుగుగంటలు కుదుపులు తిన్నవాని కన్ను ఐదవగంటలో మందగించును. సుఖము విలాసము మాత్రమే కాదు. అది అప్రమత్తతకు పెట్టుబడి.

మన యిండ్లలోని బండ్ల మాట

మనలో స్పోర్ట్సు కారు కొనువారెందఱని మీరు నవ్వుకొనవచ్చును. కాని మీలో చాలమందికి మోటారుసైకిళ్లున్నవి. అనేక మోటారుసైకిళ్ల వెనుక షాకుల క్రింద మెట్లవలె కోసిన ఒక కట్టు ఉండును. దానిని త్రిప్పి ఒకటవ మెట్టు నుండి ఐదవ మెట్టు వరకు మార్చవచ్చును. ఐదవ మెట్టులో స్ప్రింగు గట్టిపడునని పలువురు అనుకొందురు. అది స్ప్రింగు బిగువును మార్చదు. స్ప్రింగును ముందుగానే కొంత అణచి ఉంచును. దానివలన బరువు పడినప్పుడు బండి వెనుకభాగము ఎక్కువగా క్రుంగదు. ఒంటరిగా పోవునప్పుడు క్రింది మెట్టు, భార్యాబిడ్డలను ఎక్కించుకొన్నప్పుడు పై మెట్టు తగును. నిర్మాతలిచ్చిన చిన్నపుస్తకములో ఈ వివరము ఉండును; దానిని పెట్టె అడుగున పడవేయక ఒకసారి చదువుడు.

పెద్దపిల్లలకు మఱొక మాట. కారు నేలకు దగ్గఱగా నున్నచో అందముగా నుండునని స్ప్రింగులను కోయించువారు పట్టణములలో కొందఱున్నారు. కోసిన స్ప్రింగు పొట్టిదగుటయే గాక బిగువును అగును. షాకు మాత్రము పాతదే. ఆ రెండును పొసగవు. చక్రము కదలుటకు జాగా తగ్గి, గతుకుపై బండి అడుగు తగిలి గెంతును. ఇది అందము కాదు, అపాయము. మీ కుమారులు అట్టి కోరిక కోరినచో చెరువు మలుపు కథ చెప్పుడు.

లారీ నడుపు ఆ తండ్రికి కూడ ఇప్పుడు జవాబు చెప్పగలము. లారీ కమాను గట్టిగా నుండుట అది మోయు బరువు కొఱకు. నిండుబరువుతో అది చక్కగా నడుచును. ఖాళీగా పోవునప్పుడు అదే లారీ గతుకులపై ఎట్లు గెంతునో ఆయన మాకంటె బాగుగా నెఱుగును. "ఖాళీ బండికి బ్రేకు నమ్మలేం సార్" అని ఆయనే మాతో ఒకమారు అనెను. ఆ మాటలోనే ఈ వ్యాసమంతయు ఉన్నది.

చివర ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. ఆ పూర్వవిద్యార్థి పదవ తరగతిలో నున్నప్పుడు హుక్ నియమమును పుస్తకములో నున్నట్లు అప్పజెప్పలేకపోయెను. మేము అప్పుడు భౌతికశాస్త్రము బోధించుచుంటిమి. అతని తండ్రిని పిలిపించి, "మీవానికి ఈ శాస్త్రము ఒంటపట్టదు" అని అంటిమి. ఆయన ఏమియు అనక తలవంచుకొని వెడలిపోయెను. వార్షికోత్సవమునాడు కారు దిగిన తరువాత, "ఏమప్పా, ఇదంతా నీకెవరు నేర్పించినారు?" అని మేము అడిగితిమి. అతడు నవ్వి, "మీరే సార్. స్ప్రింగుకు బరువు కట్టి ఊపి చూపించినారు గదా. నియమం మరచిపోయినాను గాని ఆ ఊపు మరచిపోలేదు" అనెను. ఆ పిల్లవానికి కావలసినది బిగించిన ప్రశ్న కాదు, కొంచెము వ్యవధి. ఆనాడు మేము నొక్కిన బొత్తాము సరియైనది కాదని ఇప్పుడు తెలిసికొంటిమి. ఆయన తండ్రి నేడు లేరు. కావున ఆ మాటను ఇక్కడ, మీ యెదుట వెనుకకు తీసికొనుచున్నాము.

అతడు వెళ్లుచు పాత షాకు నొకదానిని నిలువున కోసి, లోపలి భాగములు కనబడునట్లు చేసి మా ప్రయోగశాలకు పంపినాడు. దాని ప్రక్కన ఒక స్ప్రింగును, బరువులను, నీరు నింపిన సిరంజిని ఉంచితిమి. శనివారము మధ్యాహ్నము పిల్లలను పిలుచుకొనిపోవ వచ్చు తల్లిదండ్రులు ఒక పది నిమిషములు ముందుగా వచ్చినచో, పిల్లలే వానిని చూపి వివరింతురు. అమ్మలును రావలెనని ప్రత్యేకముగా కోరుచున్నాము. మోటారుసైకిలు వెనుక కూర్చుండి గతుకులన్నియు లెక్కపెట్టువారు వారే గదా.